పదిహేను వేలకు కొండంత సైకిలు

హైదరాబాదులో ఏ అపార్ట్‌మెంటు సెల్లార్‌లోకైనా దిగి చూడండి. కార్ల వెనక, గోడవారగా, దుమ్ము కొట్టుకుపోయి, టైర్లలో గాలి దిగిపోయి ఒక గేరు సైకిలైనా కనిపిస్తుంది. వాటిలో చాలావరకు 2020 లాక్‌డౌన్ రోజుల్లో, జిమ్ములు మూతపడినప్పుడు జనం ఎగబడి కొన్నవే. తర్వాత ఆఫీసులు తెరుచుకున్నాయి, రోడ్లు మళ్లీ కిక్కిరిశాయి, సైకిళ్లు సెల్లార్లకు చేరాయి. పాతిక, ముప్పై వేలు పోసి కొన్న బండ్లు ఇప్పుడు అందులో సగానికి, ఓపిగ్గా వెతికితే సగంకన్నా తక్కువకి దొరుకుతున్నాయి. ఇంత నిధి మన కాళ్ల కిందే ఉందని ఈమధ్యే తెలిసింది నాకు. తెలిసినప్పటి నుంచీ కనిపించిన వాళ్లందరికీ చెబుతున్నాను. ఇప్పుడు మీ వంతు.

నాకు కావలసింది మౌంటెన్ బైకు. చేతిలో ఉన్నది పదిహేను వేలు. ఆ డబ్బుకి కొత్తది రాదా అంటే వస్తుంది. షోరూములో తళతళలాడుతూ, ముందొక జత స్ప్రింగులు, సీటు కింద ఇంకో స్ప్రింగుతో నిలబడి ఉంటుంది. పిల్లలు డబుల్ షాకర్ అని మోజుపడేది దాన్నే. కానీ అంత తక్కువ ధరలో వెనక కూడా షాకు ఇవ్వాలంటే తయారుచేసేవాళ్లు మిగతా అన్నిచోట్లా పొదుపు చేయక తప్పదు. ఫ్రేముకి బరువైన మామూలు స్టీలు వాడతారు. వెనక ఉండేది ఒట్టి స్ప్రింగు. దాని ఊపును అదుపు చేసే నూనె ఏర్పాటు అందులో సాధారణంగా ఉండదు. ఎత్తు ఎక్కుతుంటే వేసిన ప్రతి తొక్కుకీ సైకిలు కుంగి లేస్తుంది. కాళ్ల బలంలో కొంత ఆ ఊపుకే ఖర్చయిపోతుంది.

అదే పదిహేను వేలకి వాడిన హార్డ్‌టెయిల్ వస్తుంది. అంటే ముందు మాత్రమే షాకులు ఉండి, వెనక భాగం గట్టిగా ఉండే సైకిలు. అల్యూమినియం ఫ్రేము, డిస్క్ బ్రేకులు, 24 గేర్లు! ఈ తేడా మొదటిసారి బోధపడినప్పుడు నాకు నిద్ర పట్టలేదంటే నమ్మండి.

ఇంత మంచి వస్తువు ఇంత చవగ్గా ఎలా వస్తుంది? మా వీధి చివర సైకిలు మెకానిక్ ఈ చిక్కుముడి విప్పాడు. “ఫ్రేము, ఫోర్కు మంచిగున్నయా లేదా చూడన్నా. గవి మంచిగుంటే మిగిలినయన్నీ మార్చుకోవచ్చు. గవే పోతే నువ్వేం జేసినా దండగే” అన్నాడు. సైకిలు మొత్తంలో ఖరీదైనవి ఫ్రేము, ముందు చక్రాన్ని పట్టుకుని ఉండే ఫోర్కు. చైను, బ్రేకు ప్యాడ్లు, కేబుళ్లు, ట్యూబులు అరగడానికే పుట్టినవి, వాటి ధర వందల్లోనే. కానీ చైను తుప్పుపట్టి, బ్రేకు కీచుమంటుంటే కొనేవాడి కంటికి సైకిలు మొత్తం పాడైనట్టే కనిపిస్తుంది. అరిగిపోయిన చవక భాగాల పుణ్యమా అని చెక్కుచెదరని ఖరీదైన భాగాల ధర పడిపోతుంది. వాడిన సైకిలు బేరంలో ఉన్న రహస్యమంతా ఇదే.

కాబట్టి చూడటం నేర్చుకోవాలి. ఆ చూడటంలో ఎంత ఆనందం ఉందో నేను ఊహించనే లేదు. కావలసినవి ఒక తడిగుడ్డ, ఒక టార్చిలైటు, ఒక కొలత టేపు.

ముందు ఫ్రేమంతా తుడవాలి. హ్యాండిలు కింద గొట్టాలు కలిసేచోట, పెడళ్ల ఇరుసు చుట్టూ, సీటు గొట్టం పై అంచున, వెనక చక్రం బిగించేచోట వెల్డింగు వెంబడి వేలు పోనివ్వాలి. రంగు మీద వెంట్రుకవాసి చీలిక కనిపించినా, హ్యాండిలు వెనక గొట్టం కింది వైపు రంగు ముడతలు పడి ఉన్నా నమస్కారం పెట్టి వచ్చేయాలి. ఆ ముడతలు సైకిలు ఎదురుగా దేన్నో గట్టిగా గుద్దుకుందని చెబుతాయి. అల్యూమినియం ఫ్రేము పగిలితే వీధి వెల్డింగుతో బాగుపడదు. ఆ వేడికి చుట్టుపక్కల లోహం మెత్తబడి బలం కోల్పోతుంది. సీటు కింది కడ్డీని వదులు చేసి పైకీ కిందికీ జరిపి చూడటం కూడా మరిచిపోకూడదు. ఏళ్ల తరబడి కదపకపోతే అది ఫ్రేములోనే బిగుసుకుపోతుంది.

తర్వాత ఫోర్కు. ముందు బ్రేకు పట్టి, హ్యాండిలు మీద బరువంతా వేసి నొక్కాలి. మెత్తగా దిగాలి, అంతే మెత్తగా లేవాలి. లోపలికి దిగే ఆ మెరిసే గొట్టాలను స్టాంక్షన్లంటారు. వాటి మీద గోటికి తగిలేంత గీత ఉంటే సీలు దెబ్బతిని నూనె కారుతుంది, దుమ్ము లోపలికి చేరుతుంది. బ్రేకు పట్టుకునే సైకిల్ని ముందుకీ వెనక్కీ ఊపితే హ్యాండిలు మొదట్లో టక్కుటక్కుమందా? హ్యాండిలు తిరిగే బేరింగులు, అంటే హెడ్‌సెట్, వదులైనట్టే. చాలాసార్లు బిగిస్తే సరిపోతుంది. పెడల్ కడ్డీని పట్టుకుని పక్కకి కదిపితే ఇరుసుతో సహా ఆడిందా? ఆ ఇరుసు బేరింగులు, అంటే బాటమ్ బ్రాకెట్, మార్చాలి, ఆ ఖర్చు బేరంలో తగ్గించుకోవాలి. చక్రం ఎత్తి తిప్పితే బెండు తెలుస్తుంది. పుల్లలు బిగించి తీసేసే బెండుకి భయపడక్కర్లేదు. రిమ్ముకే సొట్ట పడితే మాత్రం కొత్త రిమ్ము లెక్క వేసుకోవాలి. హైడ్రాలిక్ బ్రేకయితే లివరు నొక్కి అలాగే పట్టుకుని ఉండాలి. మెల్లమెల్లగా హ్యాండిలు దాకా దిగిపోతుంటే నూనె కారుతున్నట్టో, గొట్టంలో గాలి చేరినట్టో అనుకోవాలి.

నన్ను అన్నిటికంటే మురిపించింది చైను పరీక్ష. సైకిలు చైనులో ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకి దూరం అర అంగుళం. అంటే 24 లింకులు లెక్కపెడితే సరిగ్గా 12 అంగుళాలు రావాలి. అరిగినకొద్దీ చైను సాగుతుంది. 12 అంగుళాల మీద అంగుళంలో పదహారో వంతు ఎక్కువ వస్తే చైను మార్చాలి. ఎనిమిదో వంతు వచ్చిందంటే సాగిన చైను వెనక పళ్లచక్రాలను కూడా అరగదీసి ఉంటుంది, రెండూ మార్చాలి. పాతిక రూపాయల టేపుతో ఒక యంత్రం చరిత్ర చదవొచ్చని నాకు అంతవరకూ తెలియదు. అమ్మేవాళ్లు “రెండు మూడుసార్లే తొక్కాం” అంటారు. చైను ఎన్ని దార్లు తిరిగిందో టేపు చెప్పేస్తుంది.

ఇంకో సంగతి వెనక చక్రంలో ఉంది. చవక గేరు సైకిళ్లలో పళ్లచక్రాల గుత్తిని మొత్తంగా చక్రం మధ్యనుండే హబ్బుకి మరలాగ తిప్పి బిగిస్తారు, అది ఫ్రీవీల్. మెరుగైన వాటిలో హబ్బుకే ఉన్న గాడుల మీదికి ఎక్కిస్తారు, అది క్యాసెట్. ఫ్రీవీల్ ఉన్న హబ్బులో కుడివైపు బేరింగు బాగా లోపలికి ఉంటుంది, ఇరుసు చాలా మేర ఆధారం లేకుండా బయటికి వస్తుంది. రాళ్లదారిలో వంగేదీ విరిగేదీ అక్కడే. క్యాసెట్ హబ్బులో బేరింగు అంచుకి దగ్గరగా ఉండి ఇరుసును కాపాడుతుంది. వెనక ఏడు పళ్లచక్రాలుంటే సాధారణంగా ఫ్రీవీల్, ఎనిమిది, ఆపైన ఉంటే చాలావరకు క్యాసెట్. ఇక గేర్ల మీద షిమానో పేరు చూసి ఆగిపోకుండా పక్కనున్న రెండో పేరు కూడా చదవాలి. టూర్నీ, దానిపైన ఆల్టస్, ఏసెరా, అలివియో, డియోర్ అని మెట్లుమెట్లుగా ఉంటాయి. పదిహేను వేలలో ఆల్టస్ గానీ ఏసెరా గానీ దొరికితే కళ్లకద్దుకుని తీసుకోవచ్చు.

చివరగా సైకిల్ని తిరగేసి పెడళ్ల ఇరుసు కింద చెక్కిన ఫ్రేము నంబరు చూడాలి. బిల్లు అడగాలి. బిల్లు లేకపోతే నంబరు ఫొటో తీసుకుని, అమ్మినట్టు రెండు ముక్కలు రాయించుకోవాలి. నంబరు గీకేసి ఉంటే అది దొంగిలించిన సైకిలు కావచ్చు, ఎంత చవకైనా ముట్టుకోకూడదు.

నాకు దొరికిన సైకిలు ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడిది. “బెంగళూరుకి ట్రాన్స్‌ఫర్ అయింది అన్నా. తొక్కేవాళ్లకిస్తే నాకూ తృప్తిగా ఉంటుంది” అన్నాడు. టేపు పెట్టి చైను చూపించాను. తనకీ ముచ్చటేసింది, మారు మాట్లాడకుండా ధర తగ్గించాడు. సైకిలుకి పన్నెండు వేలు. కొత్త చైను, బ్రేకు ప్యాడ్లు, గేరు కేబుళ్లు, ఓవరాయిలింగు కలిపి పద్దెనిమిది వందలు. హెల్మెట్ పన్నెండు వందలు. సరిగ్గా పదిహేను వేలు!

అసలు మౌంటెన్ బైకు పుట్టిందే పాత సైకిళ్లలోంచి అని చదివినప్పుడు నా సంతోషం రెట్టింపయింది. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కోకి ఉత్తరాన మారిన్ కౌంటీ ఉంది. అక్కడ టమాల్పయస్ అనే కొండ. 1970ల్లో ఆ చుట్టుపక్కల కుర్రాళ్లు 1930లు, 40ల నాటి లావు టైర్ల ష్విన్ సైకిళ్లను పాత సామాన్ల మధ్య నుంచి ఏరుకొచ్చి, అనవసరమైనవన్నీ పీకేసి కొండ మీంచి దూకించేవారు. 1976లో ఫెయిర్‌ఫాక్స్ ఊరి దగ్గర రీప్యాక్ అనే పందేలు మొదలుపెట్టారు. మూడు కిలోమీటర్లకు పైగా మట్టిదారి, నాలుగు వందల మీటర్ల దిగుడు. చాలామందికి వెనక్కి తొక్కితే పడే హబ్బు బ్రేకులే గతి. కిందికి చేరేసరికి హబ్బులో గ్రీజు కాలి పొగలొచ్చేది, మళ్లీ గ్రీజు కూరితే తప్ప ఇంకో పందేనికి పనికొచ్చేది కాదు. ఆ పందేల్లో పాల్గొన్న జో బ్రీజ్ 1977లో కొండల కోసమే కొత్త ఫ్రేము తయారుచేశాడు. ఆ మొదటి సైకిలు ఇప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. 1979లో గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ కలిసి టామ్ రిచీ చేసిన ఫ్రేములతో అమ్మకాలు మొదలుపెట్టారు. 1996 అట్లాంటా ఒలింపిక్స్ నాటికి ఈ ఆట పతకాల పట్టికలోకి ఎక్కేసింది. ఇంత పెద్ద క్రీడకి మొదటి పెట్టుబడి ఎవరో వద్దనుకున్న సైకిళ్లు! అలాంటప్పుడు వాడిన మౌంటెన్ బైకు కొనడానికి చిన్నతనం దేనికి? అది ఆ క్రీడ తొలి అడుగుల్లో అడుగు వేయడమే.

ఇక కొండ సంగతి. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండలు, మన మూసీ పుట్టిన చోటు. ఎర్రమట్టి దారి, మధ్యమధ్య రాళ్లు, రెండువైపులా అడవి. కార్లో ఎన్నోసార్లు వెళ్లి గుడి చూసి వచ్చిన చోటే. సైకిలు మీద వెళితే అది వేరే ఊరు. మొదటి ఎత్తు కనిపించగానే చిన్న గేరు వేశాను. ముందు పళ్లచక్రానికి 24 పళ్లు, వెనక దానికి 32. పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం ముప్పావు చుట్టే తిరుగుతుంది. మనం చిన్నప్పుడు తొక్కిన నల్ల సైకిలుకైతే అదే ఒక్క తొక్కుకి రెండు చుట్లు దాటి తిరిగేది, అందుకే దాన్ని ఎత్తు మీద దిగి తోయాల్సి వచ్చేది. ఇక్కడ మెల్లగా, ఊపిరి అందుతూనే, కూర్చున్న చోటు నుంచి లేవకుండా కొండ ఎక్కేశాను. కాళ్లలో బలం అంతే ఉంది. దాన్ని చిల్లర చేసి వాడుకోవడం గేర్లు నేర్పాయి.

గాలి విషయం ఇంకా వింత. టైరు రాయిలా ఉండాలని చిన్నప్పటి నుంచీ విన్నాం. మట్టిదారిలో దానికి పూర్తిగా వ్యతిరేకం. రెండంగుళాల వెడల్పు టైరులో ముప్పై, ముప్పై అయిదు పీఎస్‌ఐ చాలు. టైరు కాస్త అణిగి రాతిని పట్టుకుంటుంది, గులకరాళ్ల మీద జారదు, అరచేతులకి అదురు తగ్గుతుంది. దిగేటప్పుడు సీటు కిందికి దించి, రెండు పెడళ్లూ సమంగా ఉంచి, వాటి మీద నిలబడి, మోకాళ్లూ మోచేతులూ వదులుగా పెడితే సైకిలు కింద తన పని తను చేసుకుపోతుంది. గుంత వచ్చింది, ఫోర్కు మింగేసింది. రాయి వచ్చింది, చక్రం ఎక్కి దిగింది. గట్టిగా కేక పెట్టాను. నలభై దాటాక అలా కేక పెట్టిన సందర్భం నాకు గుర్తులేదు.

ఇంటికొచ్చాక సైకిలు కడిగి, చైను తుడిచి, చుక్క చుక్క నూనె వేస్తుంటే ఒక సంగతి తోచింది. కొత్త సైకిలు కొని ఉంటే దాన్ని తొక్కేవాణ్ని, అంతే. పాతది కొన్నందువల్ల ప్రతి మరనీ ముట్టుకున్నాను, ఏది ఎందుకుందో తెలుసుకున్నాను. కొండలో చైను జారినా, బ్రేకు రాసుకున్నా కంగారు లేదు. బతిమాలి బాగుచేయించుకునే అవసరం లేకుండా నా చేతులకే పని తెలుసు. ఈ ధైర్యాన్ని ఏ షోరూమూ డబ్బాలో పెట్టి ఇవ్వదు.

అందుకే చెబుతున్నాను. మీ దగ్గర పదిహేను వేలుంటే కొత్త డబుల్ షాకర్ జోలికి పోకండి. మీ ఎత్తుకి సరిపోయే, ఫ్రేము పగలని, ఫోర్కు గీతపడని, క్యాసెట్ హబ్బు ఉన్న వాడిన హార్డ్‌టెయిల్ వెతకండి. సైకిలుకి అటో కాలు ఇటో కాలు వేసి నేల మీద రెండు పాదాలూ ఆనించి నిలబడితే పై గొట్టానికీ మీకూ మధ్య రెండంగుళాలైనా ఖాళీ ఉండాలి. బేరం పన్నెండు వేల దగ్గర ఆపి, మూడు వేలు మరమ్మతుకీ తలకీ అట్టిపెట్టండి. అన్నీ పాతవి కొన్నా హెల్మెట్ మాత్రం కొత్తదే కొనండి. పాత హెల్మెట్ లోపల తగిలిన దెబ్బ పైకి కనిపించదు.