ఇరవై ముఖాల పాసా



లెక్కల టీచరమ్మ వీడియో గేమ్ గురించి రాస్తుందా అని నవ్వుకునేవాళ్ళు ముందే నవ్వేసుకోండి. మా ఖాలాజాన్ అయితే ఫోన్ చేసి మరీ నవ్వింది.

తహజ్జుద్‌కి లేచిన ప్రతి రాత్రీ మా వాడి గదిలో లైటు వెలుగుతుండేది. ఇంజినీరింగ్ అయిపోయింది. కాలేజీలోనే ఉద్యోగం ఖాయమైంది, ఆఫర్ లెటర్ చేతికొచ్చింది, మొహల్లా అంతా మిఠాయి పంచాం. జాయినింగ్ డేట్ మాత్రం రాలేదు. మెయిల్ పెడితే 'త్వరలో తెలియజేస్తాం' అంటారు, అంతే. నెలలు గడిచాయి. వాళ్ళ అబ్బా దమ్మాం నుంచి ఫోన్ చేసినప్పుడల్లా అదే సవాల్, వీడిదీ అదే జవాబ్. పగలు పిల్లలకు ట్యూషన్ చెప్తాడు, రాత్రి ఆడతాడు. ఆ ట్యూషన్ పైసలతోనే కొనుక్కున్నాడు ఈ గేమ్. పేరు బాల్డర్స్ గేట్ 3. బెల్జియంలోని లారియన్ స్టూడియోస్ వాళ్ళు చేశారు. 2023 ఆగస్టు 3న కంప్యూటర్లకు విడుదలైంది, ఆ ఏడాది డిసెంబరులో గేమ్ ఆఫ్ ది ఇయర్ ఇనాం కూడా కొట్టేసింది.

ఓ రాత్రి కోప్పడదామని లోపలికెళ్ళాను. తెర మీద నలుగురు మనుషులు, ఎదురుగా ఓ గుంపు. ఎవ్వరూ కదలడం లేదు. 'ఆగిపోయిందా?' అన్నాను. 'లేదమ్మీ, నా బారీ. ఆలోచిస్తున్నా' అన్నాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఫజర్ అజాన్ దాకా లేవలేదు.

నాకు తెలిసిన వీడియో గేములన్నీ ధనాధన్‌గా బటన్లు నొక్కేవే. ఇది శత్రంజ్ లాంటిది. ఒకరి బారీ అయ్యాకే ఇంకొకరిది. మన బారీలో కొంత నడవచ్చు, ఒక పెద్ద పని, ఒక చిన్న పని చేయొచ్చు. ఎత్తు మీద నిలబడి బాణం వేస్తే గురికి రెండు పాయింట్లు కలుస్తాయి, పల్లంలో ఉంటే రెండు తగ్గుతాయి. నేల మీద జిడ్డు పోసి నిప్పంటించొచ్చు. నీళ్ళల్లో నిలబడ్డ వాడి మీద మెరుపు వదలొచ్చు. కత్తీ మంత్రం ఏదీ లేకపోయినా కొండ అంచున నిలబడ్డ దుష్మన్‌ని ఒక్క తోపు తోస్తే చాలు, ఖేల్ ఖతమ్. మా అబ్బా నాకు నేర్పిన శత్రంజ్‌లో ఈ తోపు ఉండుంటే నేనూ ఒక్కసారైనా గెలిచేదాన్నేమో.

తేడా ఒక్కటే. శత్రంజ్‌లో గుర్రం వెళ్ళిందంటే వెళ్ళినట్టే. ఇక్కడ ప్రతి దెబ్బకీ వెనక ఇరవై ముఖాల పాసా దొర్లుతుంది. 'తగలడానికి 90 శాతం' అని రాసి ఉంటుంది, తగలదు. మళ్ళీ వేస్తే మళ్ళీ తగలదు. మావాడు నెత్తి కొట్టుకుంటుంటే నేను లెక్క చెప్పాను: పదిలో ఒకటి, మళ్ళీ పదిలో ఒకటి, అంటే వందలో ఒకసారి ఇలా అయ్యేదే బేటా. పదో తరగతి పిల్లలకు సంభావ్యత ఇరవై ఏళ్ళుగా చెప్తున్నాను. ఇంత శ్రద్ధగా విన్న విద్యార్థి వీడొక్కడే. రెండు పాసాలు వేసి పెద్దది తీసుకునే అవకాశం కూడా దొరుకుతుంది. సగానికి సగం గెలిచే చోట అది నూటికి డెబ్భై ఐదు అవుతుంది. మంచి చోటు చూసి నిలబడటం, సాయం తీసుకోవడం మన తద్బీర్. దొర్లేది తఖ్‌దీర్. రెండూ కలిసే పనవుతుంది.

పాసా చప్పుడు పక్క గదిలో అమ్మీజాన్ చెవిన పడింది. 'ఇంట్లో పాసాలేమిటి, తౌబా!' అంది. ఆమె మాట కొట్టిపారేసేది కాదు. నర్ద్ గురించి హదీసుల్లో గట్టి మనాయీ ఉంది, మా ఇంట్లో అందుకే శత్రంజ్ ఆడినా పాసాల ఆటలు ఎప్పుడూ లేవు. ఇందులో పందెం లేదు, పైసా లేదు, ఉన్నదల్లా తెర మీద అంకెలే కదా అని నేనన్నాను. అయినా ఫత్వా చెప్పేదాన్ని నేను కాదు, మనసులో షక్ ఉంటే ఆలిమ్ సాబ్‌ని అడగండి.

ఇంకో మాట, తల్లిదండ్రులకు. ఇది పెద్దవాళ్ళ ఆట. రక్తపాతం ఎక్కువ, మొదటి పది నిమిషాల్లోనే కంట్లోకి పురుగును దూర్చే సీన్ ఉంది, ఇష్క్ వ్యవహారాలు ఉన్నాయి. నగ్నత్వం కనబడకుండా సెట్టింగుల్లో ఆపేయొచ్చు. నన్ను కూర్చోబెట్టకముందే మావాడు ఆపేశాడు, అల్లా వాణ్ణి చల్లగా చూడాలి. ఆ దునియాలో దేవుళ్ళు డజన్ల కొద్దీ. నేను పూజారి పాత్ర తీసుకోకుండా విలుకత్తెనయ్యాను.

ఇక అసలు సంగతి. కథ ముందే తెలియకూడదనుకునేవాళ్ళు ఇక్కడే ఆగండి.

అడవిలో డ్రూయిడ్లనే వాళ్ళ బస్తీ ఒకటుంది. అందులో టీఫ్లింగులు తలదాచుకుంటారు. నెత్తిన కొమ్ములున్న జాతి. తమ ఊరి నుంచి వెళ్ళగొడితే పిల్లాజెల్లాతో వచ్చినవాళ్ళు. ఇక్కడా పొమ్మంటున్నారు. కొమ్ములు చూడగానే జనం మొహం మారిపోవడం నాకు కొత్తగా అనిపించలేదు. గుంటూరులో టు-లెట్ బోర్డు చూసి మెట్లెక్కి, గదులన్నీ చూసి, అడ్వాన్స్ దాకా మాట్లాడాక పేరు చెప్పగానే 'అయ్యో, ఇప్పుడే వేరేవాళ్ళకు ఇచ్చేశామండీ' అనిపించుకున్నవాళ్ళం.

అరబెల్లా అనే టీఫ్లింగు చిన్నపిల్ల వాళ్ళ విగ్రహం దొంగిలించి దొరికిపోతుంది. కాఘా అనే పెద్దమ్మ పిల్ల ముందు పామును నిలబెడుతుంది. మనం మాటలతో ఒప్పించాలి. ఒప్పుకుంటుందా లేదా అన్నది పాసా చెప్తుంది.

మూడు పడింది.

పాము కాటేసింది. పిల్ల నేలకొరిగింది. బయట తల్లీతండ్రీ ఎదురుచూస్తున్నారు.

'వెనక్కి తిప్పు' అన్నాను. ఎఫ్5 నొక్కితే ఆట దాచుకోవచ్చు, ఎఫ్8 నొక్కితే అక్కడికే తిరిగెళ్ళొచ్చని అప్పటికే చూసున్నాను. వాడు నొక్కలేదు. 'పడింది పడిందేనమ్మీ. ప్రతిదానికీ వెనక్కెళ్తే ఇంక ఆడటం దేనికి?' అన్నాడు. 'పిల్ల చచ్చిపోయింది రా!' అన్నాను, గొంతు పెద్దదే అయింది. వాడు తెర మీంచి చూపు తిప్పకుండా, 'నేను వెనక్కెళ్ళి ఏం మార్చాలమ్మీ? ఇంటర్వ్యూ బాగానే చేశాగా' అన్నాడు.

ఈ మాట గేమ్ గురించి కాదని అర్థమవడానికి నాకు కాసేపు పట్టింది. ఇన్ని నెలల్లో నేను వాణ్ణి అడిగిందల్లా 'మెయిల్ వచ్చిందా' అనే. వాడి తప్పేమీ లేదని నోరు తెరిచి ఒక్కసారీ అనలేదు. ఆ రాత్రి అన్నాను. వాడు 'మాలూమ్ అమ్మీ' అన్నాడు, కానీ మూతి మాత్రం చిన్నప్పటిలా వణికింది.

మర్నాడు స్కూలు నుంచి రాగానే నా పేరుతో కొత్త ఆట మొదలుపెట్టించుకున్నాను. నా ఆటలో ఎఫ్8 హలాల్ అని ముందే చెప్పాను. ఆ పిల్ల దగ్గరికి వెళ్ళేముందు తద్బీర్లన్నీ చేశాను. షాడోహార్ట్ అనే తోటి పాత్ర చేత గైడెన్స్ మంత్రం వేయించి పాసాకు అదనంగా నాలుగు ముఖాల పాసా కలుపుకున్నాను. అయినా రెండుసార్లు ఓడి వెనక్కెళ్ళాను. మూడోసారి పాము వెనక్కి తగ్గింది. వెనకనుంచి 'చోరీ, చోరీ' అని మావాడు.

లోపాలు లేకపోలేదు. సంచిలో చేరే చెత్త సర్దడానికే గంటలు పోతాయి. ఇరవైమంది గాబ్లిన్లు ఒక్కొక్కరే బారీ తీసుకుంటుంటే మధ్యలో అన్నం వార్చి రావొచ్చు. చివరి భాగంలో నగరంలోకి వెళ్తే లాప్‌టాప్ ఫ్యాను పిండిమరలా మోగుతుందని వాడు చెప్పాడు. అక్కడ సర్కస్‌లో ఓ జిన్ లక్కీ చక్రం తిప్పిస్తూ జనాన్ని మోసం చేస్తాడట. ఇది విన్న అమ్మీజాన్, 'జూవా ఆడించేది ఇంకెవరు మరి' అని తేల్చేసింది. అందరిలోకీ నాకు నచ్చింది కార్లాక్. గుండె స్థానంలో నిప్పుల ఇంజను ఉన్న పిల్ల, ముట్టుకుంటే ఎదుటివాళ్ళు కాలిపోతారు. ఓ టీఫ్లింగు కమ్మరి ఇంజను బాగుచేశాక ఆమె మొదటిసారి ఒకరిని కౌగిలించుకుంది. నేను చాయ్ వంకతో వంటింట్లోకి వెళ్ళిపోయాను.

రెండో భాగంలో చీకటి కమ్మిన నేల మీద నా అరబెల్లా మళ్ళీ కనబడింది. ఒంటరిగా. అమ్మానాన్నల్ని వెతికిపెట్టమంది. వెతికాను. పాడుబడ్డ దవాఖానాలో ఇద్దరూ శవాలై ఉన్నారు. అక్కడ పాసా దొర్లలేదు. నా వేలు ఎఫ్8 దాకా వెళ్ళింది, కానీ వెనక్కెళ్ళినా మార్చడానికి ఏమీ లేదు. నా దగ్గరికొచ్చి నిలబడ్డ పిల్లకు నేనే ఖబర్ చెప్పాల్సి వచ్చింది. చెప్పాను. వెనక నిలబడ్డ మావాడు ఈసారి ఏమీ అనలేదు.

జాయినింగ్ డేట్ ఇంకా రాలేదు. వేరే రెండు చోట్ల అర్జీ పెట్టాడు.

నిన్న పొద్దున చాయ్‌లో బిస్కెట్టు ముంచుతూ అమ్మీజాన్ అడిగింది: 'ఇంతకీ ఆ కొమ్ముల బచ్చీ ఏమైంది?'

'ఏ బచ్చీ? నా ఆటలోనా, నీ మనవడి ఆటలోనా?' అన్నాను.

'బతికున్నదాని సంగతి చెప్పు' అంది.