మాటల వరుస

ఈ హాస్టల్లో చదివి పి.జి. దాకా వెళ్ళిన మాకు ఇంగ్లీషు మాటలకు కరువు రాలేదు. డిక్షనరీ ముందు పెట్టుకుని బట్టీ పట్టాం. చిక్కంతా ఆ మాటలను ఏ వరుసలో నిలబెట్టాలన్న దగ్గరే వచ్చింది. 'నిన్న వచ్చిన అబ్బాయి' అంటే తెలుగులో అబ్బాయి చివర ఉంటాడు. ఇంగ్లీషులో 'ది బాయ్ హూ కేమ్ ఎస్టర్‌డే' అని ముందే నిలబడతాడు, వచ్చిన సంగతంతా అతని వెనక నడుస్తుంది. మన క్రియ వాక్యం చివర, వాళ్ళ క్రియ కర్త పక్కన. మన 'లో' ఇంటి తర్వాత, వాళ్ళ 'ఇన్' ఇంటి ముందు. ఇరవై ఏళ్ళు వచ్చాక ఇదంతా తిరగేసి అలవాటు చేసుకోవాలి. పైగా మా ఇళ్ళల్లో డిగ్రీ చదివింది మేమే మొదలు, దిద్దేవాళ్ళు లేరు.

మన పిడుగురాళ్ల సున్నపు బట్టీల దగ్గర పనికొచ్చిన హిందీవాళ్ళను చూడండి. హిందీలోనూ క్రియ చివరే కాబట్టి తెలుగు వరుస వాళ్ళను పెద్దగా ఇబ్బంది పెట్టదు. తడబాటంతా క్రియ తోక దగ్గరే. 'నేను రేపు వస్తాడు' అంటారు. మేస్త్రి నవ్వుతాడు గానీ పనిలోంచి పొమ్మనడు. రేపు వస్తాడని అర్థమైంది కదా!

ఒక కాలేజీ సెమినార్లో మాలో ఒకమ్మాయి 'వై మిర్చి ప్రైస్ ఈజ్ ఫాలింగ్?' అని అడిగితే హాలంతా నవ్వింది. జవాబు ఎవరూ చెప్పలేదు. ఆ ఏడాదంతా ఆమె మళ్ళీ నోరు విప్పలేదు.

జర్మనీకి కూలికి వెళ్ళిన ఇటలీ, స్పెయిన్ వాళ్ళ మాటలను 1970ల చివర్లో పరిశోధకులు రికార్డు చేశారు. వాక్యంలో మాటల వరుస అందరికీ దాదాపు ఒకే క్రమంలో, మెట్టు మెట్టుగా పట్టుబడిందని తేల్చారు. వారిలో ఒకరైన పీనెమాన్, రూలు చెప్పినంత మాత్రాన మధ్య మెట్టు దాటించలేమన్నాడు. ఇంగ్లీషు ప్రశ్నలకూ అలాంటి మెట్లే ఉన్నాయి. మా అమ్మాయికి 'వై'ని ముందుకు తేవడం వచ్చేసింది, 'ఈజ్'ను దాని పక్కకు జరపడమే మిగిలింది. నవ్వినవాళ్ళకు ఈ సంగతి తెలియదు.

బ్రౌన్ దొర 1820లో కడపలో ఉద్యోగానికి వచ్చేసరికి ఆయనకు ఇరవై రెండో ఏడు. 1840లో తెలుగు వ్యాకరణం, 1852లో నిఘంటువు అచ్చువేశాడు. ఆయన పక్కన పండితులు కూర్చున్నారు, అది వేరే మాట.

మేము సెలవులకు వచ్చినప్పుడల్లా స్టడీ అవర్ అయ్యాక భోజనాల హాల్లో కూర్చుంటాం. పత్తి ధర, బస్సు టైము, మెస్ చార్జీలు, ఏదైనా సరే ఇంగ్లీషులో అడగండి. నవ్వినవాళ్ళు ఆ పూట అందరి పళ్ళేలూ కడగాలి.