మాల్గుడి స్టేషనూ, గుట్టమీద పాదమూ

మాల్గుడి అనే ఊరు లేదు. ఈ మాట చెప్పడానికి హేతువాది అక్కర్లేదు, ఆర్.కె. నారాయణ్ గారే చెప్పారు. 1930లో విజయదశమి నాడు బెంగళూరులో నవల రాయడానికి కూర్చుంటే ముందుగా ఒక చిన్న రైలుస్టేషను మనసులో మెదిలిందట. పేరు కూడా దానితోనే వచ్చిందట. (ఆ రోజు ముహూర్తం పెట్టింది వాళ్ళ అమ్మమ్మగారు. అది పండగ మహిమే అనేవాళ్ళు ఈపాటికి ఉండే ఉంటారు.)

అయినా మాల్గుడికి ఇప్పుడు స్టేషను ఉంది. కర్ణాటకలో శివమొగ్గ - తాళగుప్ప రైలుమార్గంలో అరసాళు అనే చిన్న స్టేషను అది. 1986లో శంకర్ నాగ్ 'మాల్గుడి డేస్' తీసినప్పుడు రైలు దృశ్యాలు అక్కడ తీశారు. 2020లో రైల్వేవాళ్ళు ఆ పాత కట్టడాన్ని మాల్గుడి మ్యూజియం చేశారు. ఊరి దృశ్యాలు చాలావరకు ఆగుంబెలోవి. ఆగుంబెకు అసలు రైలే లేదు. తెరమీద ఒకే ఊరిలా కనిపించే వీధికీ, స్టేషనుకీ మధ్య పదుల కిలోమీటర్లు ఉన్నాయి.

ఆ ధారావాహిక చూసి నవ్వుకోవడం వరకే నా సరదా. మా బావకి అలా కాదు. ఏ దృశ్యం ఎక్కడ తీశారో పట్టుకోవడం ఆయన వ్యసనం. బొమ్మ ఆపుతాడు, వెనక్కి తిప్పుతాడు, నోట్‌బుక్కులో రాసుకుంటాడు. పెంకుల వరస, స్తంభం చెక్కడం, గడప ఎత్తు, అరుగు వంపు, అన్నీ. ఒక వీధిని ఆగుంబెదే అని ముందు రాసుకుని, మరో దృశ్యంలో చూరు కలవకపోయేసరికి కొట్టేశాడు. ఎవరూ అడక్కుండానే కొట్టేశాడు! మన సభల్లో గంటసేపు ఉపన్యాసం ఇచ్చినా వినేవాళ్ళకి ఇంత శాస్త్రీయ దృక్పథం పుట్టించలేం.

ఆయన చెప్పినవాటిలో నాకు బాగా నచ్చింది ఇంటికప్పు సంగతి. నారాయణ్ పుస్తకాల్లో మాల్గుడి మద్రాసుకీ, తిరుచ్చికీ రైళ్ళున్న ఊరు. పక్కన సరయూ నది, దాని ఒడ్డున ఇసుక. సాయంత్రం కుర్రాళ్ళు అక్కడ చేరతారు. తెరమీది ఇళ్ళకేమో ఏటవాలుగా దిగిన పెంకు కప్పులు. అంత వాలు ఎవరికి కావాలి? ఏడాదికి 7,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడే ఆగుంబె లాంటి చోట కావాలి. పుస్తకం చదివినవాడు ఆ కప్పు చూసి, 'ఇది మైదానపు ఊరు కాదు, మలెనాడు' అని పట్టేయవచ్చు.

ఇక లాలీ విగ్రహం. అది చిత్రీకరణ కోసం చేయించిన సామాను. కళాదర్శకుడు జాన్ దేవరాజ్. 'లాలీ రోడ్' కథ గుర్తుందా? స్వాతంత్ర్యం వచ్చాక, సర్ ఫ్రెడరిక్ లాలీ దుర్మార్గుడని విగ్రహం తీసేయమంటారు. విలేఖరి నానా తంటాలు పడి దాన్ని ఇంటికి చేరుస్తాడు. తీరా ఆ దుర్మార్గుడు వేరే లాలీ, ఈయన ఊరిని కట్టినవాడు అని బయటపడుతుంది. పేరు విన్నారు, తిట్టారు, ఎవరా లాలీ అని ముందు ఒక్కడూ చూడలేదు. నారాయణ్ పూజలు చేసుకునే మనిషే కావచ్చు, ఈ కథ మాత్రం మన సంఘం తరఫున రాసినట్టే ఉంటుంది.

మల్లేశ్వరంలోంచి 'మల్', బసవనగుడిలోంచి 'గుడి' తీసి కలిపితే మాల్గుడి అని ఇంకో కథ ప్రచారంలో ఉంది. వినడానికి ఎంత బాగుందో చూడండి. మన స్థలపురాణాల్లో ఊరిపేర్ల పుట్టుక ఇలాగే ఉంటుంది. రాముడు నీళ్ళు తాగాడు కాబట్టి ఫలానా పల్లె, సీత పసుపు ఆరేసింది కాబట్టి ఫలానా గుట్ట. లేని ఊరికి స్టేషనూ వచ్చింది, పేరుకి వ్యుత్పత్తీ వచ్చింది. పురాణం కాకుండా మిగిలిందంటే, ఎవరు తీశారో, ఏ ఏడు తీశారో కాగితం మీద ఉండబట్టే.

బావ వాళ్ళ ఊరి బయట గుట్టమీద ఒక పాదం గుర్తు ఉంది. రాతిలో అడుగున్నర పొడవు పల్లం, నడుమ కాస్త నొక్కు. ఒకటే పాదం. నా చిన్నప్పుడు వాననీళ్ళు నిలిస్తే మేకలు తాగేవి. కొన్నేళ్ళుగా అది దేవుడి పాదం. చుట్టూ కంచె వేశారు, మేకలవాళ్ళని రానివ్వడం లేదు. ఎండాకాలంలో వాళ్ళకి గుట్ట వెనకున్న కాస్త గడ్డే ఆధారం. కమిటీలో బావ ఉన్నాడు, చందా కూడా ఇచ్చాడు.

"అది ఎడమపాదమా, కుడిపాదమా బావా?" అని అడిగాను.

"అవి చూసేవి కావోయ్, దణ్ణం పెట్టుకునేవి."

"మరి స్తంభం చెక్కడం?"

"అది సినిమా వాళ్ళది, తప్పైతే ఎవరికి నష్టం?"

నాకు చాలా రోజులు నిద్ర పట్టనివ్వని మాట అది. జనానికి పరిశీలించడం రాదని మనం తరచూ రాస్తుంటాం, 51ఎ(హెచ్) అధికరణం ఉదహరిస్తుంటాం. బావకి పరిశీలించడం నాకంటే బాగా వచ్చు. నోట్‌బుక్కే సాక్ష్యం. పోయేదేమీ లేనిచోట ఆ తెలివి ధారాళంగా వాడతాడు. కమిటీ, కులపెద్దలు, మా అక్క ఉపవాసాలు అడ్డొచ్చేచోట నోట్‌బుక్కు మూసేస్తాడు. నష్టం ఎవరికని అడిగాడు కాబట్టి మేకలవాళ్ళ పేర్లు చెప్పాను. కాసేపు మాట్లాడలేదు.

వచ్చేనెల ఊరు వెళ్తున్నాం. టేపూ, నోట్‌బుక్కూ తెమ్మన్నాను. గుట్టమీద అలాంటి పల్లాలు ఇంకెన్ని ఉన్నాయో లెక్కపెడదాం, కంచె సంగతి తరవాత మాట్లాడదాం అన్నాను. జాతర అయ్యాక చూద్దామన్నాడు.