దక్షిణపు ఆకాశం ఉందా?

అమ్మకు ఓటీటీ గొప్పతనం చెప్పి చూశాం. ఏ సీరియల్ అయినా ఎప్పుడు కావాలంటే అప్పుడు చూసుకోవచ్చన్నాం. ఆమెకు నచ్చనిది సరిగ్గా అదే. "నాకు కావలసినప్పుడు చూడ్డమేమిట్రా? ఎనిమిదింటికి రావాలి, అందరూ అప్పుడే చూడాలి. లేకపోతే పొద్దున ఫోన్లో మీ పిన్నితో ఏం మాట్లాడను?" అంది. దాంతో హైదరాబాద్ కొండాపూర్‌లోని మా అద్దె ఫ్లాట్‌కి డీటీహెచ్ అవసరమైంది.

చేరడం మహా సులువు. యాప్‌లో పేరు, ఫోన్ నంబరు, పిన్ కోడ్, ఓటీపీ. డబ్బు కట్టేశాక "అభినందనలు" అని రంగు కాగితాలు కూడా తెర మీద రాలాయి. అమ్మ టీవీ వైపు చూసింది. అక్కడేమీ రాలలేదు.

తర్వాత చానళ్ళ ఎంపిక. చూసే చానల్‌కే డబ్బు కట్టాలన్న మంచి ఉద్దేశంతో 2019 ఫిబ్రవరి 1 నుంచి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త పద్ధతి తెచ్చింది. వంద మామూలు చానళ్ళ దాకా నెలకు గరిష్ఠంగా 130 రూపాయల నెట్‌వర్క్ రుసుము, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 153 రూపాయల 40 పైసలు. హెచ్‌డీ చానల్ ఒకటి రెండింటి కింద లెక్క. పే చానల్ ధర దేనికదే వేరు. తర్వాత నియమాలు మారాయి, 2024లో ఆ 130 పరిమితినీ ఎత్తేశారు. మారనిది గుత్త బేరం. అమ్మ అడిగినవి నాలుగు తెలుగు చానళ్ళు. వాటిని విడివిడిగా ఏరుకుంటుంటే బిల్లు పెరుగుతోంది, అడగని పిల్లల బొమ్మల చానళ్ళతో కలిపి ప్యాక్‌గా తీసుకుంటే తగ్గుతోంది. "పోనీలే, ఎవరైనా పిల్లలొస్తే చూస్తారు" అని అమ్మే ఆ చిక్కు తేల్చింది.

మర్నాడు టెక్నీషియన్ కుర్రాడు వచ్చాడు. సామాను దించకుండానే బాల్కనీలోకి వెళ్ళి, ఫోన్లో దిక్సూచి చూసి, "నార్త్ ఫేసింగ్ సార్, సిగ్నల్ రాదు" అన్నాడు.

అతను చెప్పింది నిజం. టీవీ ఉపగ్రహాలు భూమధ్యరేఖకు పైన, సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తున, మనకు కదలనట్టు కనిపిస్తూ తిరుగుతుంటాయి. హైదరాబాద్ ఆ రేఖకు 17 డిగ్రీల ఉత్తరాన ఉంది. కంపెనీని బట్టి ఉపగ్రహం 83 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉండొచ్చు, 95 దగ్గర ఉండొచ్చు, 108 దాకా పోవచ్చు. ఏదైనా సరే, ఇక్కడి డిష్ దక్షిణానికో ఆగ్నేయానికో చూడాల్సిందే. దక్షిణపు బాల్కనీ ఉన్నా కష్టం తీరదు. 83 దగ్గరి ఉపగ్రహం మనకు దాదాపు 70 డిగ్రీల ఎత్తున, నడినెత్తికి కొంచెం ఇవతల ఉంటుంది. పై అంతస్తు బాల్కనీ శ్లాబే దానికి అడ్డం. డిష్‌ని కటకటాల అవతలికి తోసి బిగించాలి.

మనవాళ్ళు ఫ్లాట్ కొనేటప్పుడు తూర్పు, ఉత్తరం అని పోటీ పడతారు. దక్షిణ ముఖం అంటే బేరం ఆడతారు. వాస్తు ప్రకారం ఆగ్నేయం వంటింటిది. ఆకాశంలో మాత్రం మన సీరియళ్ళన్నీ ఆ మూలనే ఉడుకుతున్నాయి.

డిష్ బయటికి పెట్టడానికి అసోసియేషన్ ఒప్పుకోదు. ఎలివేషన్ పాడవుతుందట. ఇక మిగిలింది టెర్రస్. అక్కడ అన్ని ఫ్లాట్లకూ కలిపి ఒకే డిష్, ఒకే తీగల వ్యవస్థ ఉన్నాయి. అవి వేరే కంపెనీవి. సొంతంగా పెట్టుకుంటామంటే పదకొండు అంతస్తుల పొడవునా తీగ దించాలి. ఉచితంగా ఇచ్చేది కొన్ని మీటర్లే, ఆపైన మీటరుకింత. షాఫ్ట్‌లో తీగ దించాలంటే మళ్ళీ కమిటీ అనుమతి. చివరికి మొదటి కంపెనీని డబ్బు వాపసు అడిగి, రెండో కంపెనీలో మొదటి నుంచి చేరాం. మళ్ళీ పేరు, పిన్ కోడ్, ఓటీపీ, మళ్ళీ రంగు కాగితాలు.

ఉపగ్రహ టీవీ తెలుగువాళ్ళ దగ్గరికి తొలిసారి వచ్చినప్పుడు పద్ధతి వేరు. 1975 ఆగస్టు 1న మొదలై ఏడాది పాటు సాగిన సైట్ అనే ప్రయోగంలో నాసా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు కార్యక్రమాలు అందించారు. వాటిలో ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి, ప్రసారాల్లో తెలుగూ ఉంది. కోళ్ళ దొడ్డికి కట్టే వలలాంటి జాలీతో చేసిన, మూడు మీటర్ల వెడల్పు యాంటెన్నాలు వాడారు. పల్లె ఎంచుకున్నాక మనుషులే వెళ్ళి సెట్టు నిలబెట్టేవారు, జనం దాని ముందు చేరేవారు. ఎవరూ ఏ ఫారమూ నింపలేదు.

అప్పుడు చోటు చూశాక టీవీ వచ్చింది. ఇప్పుడు డబ్బు ముట్టాక చోటు చూస్తున్నారు. నా పిన్ కోడ్ తీసుకున్న యాప్ "మీకు దక్షిణపు ఆకాశం కనిపిస్తుందా?" అని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే, ఆ కుర్రాడికి ఎండలో ఒక తిరుగుడు తప్పేది.

ఈ మాటే పక్క ఫ్లాట్ అబ్బాయితో అన్నాను. గచ్చిబౌలిలో ఇలాంటి యాప్‌లు తయారుచేయడమే అతని ఉద్యోగం. "మర్చిపోయి కాదంకుల్. పేమెంట్ ముందు ఒక్క ప్రశ్న పెంచినా కొందరు మధ్యలో వదిలేసి పోతారు. అందుకే చిక్కు ప్రశ్నలన్నీ పేమెంట్ తర్వాతికి నెడతాం" అన్నాడు, దాచుకోకుండా.

వంటింట్లోంచి అమ్మ వింటూనే ఉంది. "అంటే పిల్లను చూడకముందే తాంబూలాలు పుచ్చుకుంటారన్నమాట" అంది.