ఆగమన్న మెసేజ్

మృగశిరలో నాలుగు చినుకులు పడితే చాలు, మన ఆలూరు పక్క రైతుకు కాలు నిలవదు. పక్క చేన్లో గొర్రు కదులుతుంటే గట్టు మీద కూర్చోవడం అయ్యే పనేనా అప్పా?

కానీ 2016లో దేవనకొండ మండలంలో కొందరు కూర్చున్నారు. పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి 175 మంది బుడ్డల రైతులకు తెలుగులో మెసేజ్‌లు పంపాయి. ముప్పయ్యేళ్ల వానల లెక్క, నేలలో తేమ అంచనా, రాబోయే వాతావరణం కలిపి చూసి, తొందరపడొద్దు, జూన్ చివరిదాకా ఆగండి అన్నాయి. ఆగినవాళ్లకు సగటున 30 శాతం ఎక్కువ పండిందని ప్రయోగం చేసినవాళ్ల లెక్క. ఖరీదైన ఫోన్ అక్కర్లేదు, మెసేజ్ వస్తే చాలు.

ఇట్లా మన చుట్టూ ఉన్న పరిస్థితి చూసి నడుచుకునే సాఫ్ట్‌వేర్ కొత్తదేం కాదు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఒలివెట్టి పరిశోధనశాల వాళ్లు ఉద్యోగుల చొక్కాలకు ఇన్‌ఫ్రారెడ్ బిళ్లలు తగిలించారు. మనిషి ఏ గదిలో ఉంటే అతని ఫోన్ కాల్ ఆ గదికే పోవాలని. ఆ సంగతి 1992లో లోకానికి చెప్పారు. అప్పట్లో దానికి తెలిసింది మనిషి ఉన్న చోటు ఒక్కటే. 1994లో షిలిట్ అనే పరిశోధకుడు, ఆయన తోటివాళ్లు ఇలాంటివాటిని నాలుగు రకాలు చేశారు. తర్వాత డే, అబౌడ్ అనే పరిశోధకులు మూడింటికి కుదించారు.

ఆ మూడూ మీ జేబులోనే ఉన్నాయి. ఆదోనిలో బస్సు దిగగానే దగ్గరి హోటళ్లు చూపే మ్యాప్ మొదటి రకం: చెప్పి ఊరుకుంటుంది. ఎండలోకి రాగానే తెర వెలుగు పెంచేది రెండోది: అడక్కుండానే చేసేస్తుంది. ఎమ్మిగనూరు జాతర ఫోటోకు ఊరు, తేదీ తగిలించి దాచేది మూడోది: రేపు వెతుక్కుంటే దొరుకుతుంది.

దేవనకొండ మెసేజ్ మొదటి రకమే. గొర్రు పట్టేదీ మానేదీ రైతే. తానే చేసేసేది పై మెట్టు అనుకునేవాళ్లున్నారు గానీ, విత్తే పనికి మాత్రం నా ఓటు చెప్పి ఊరుకునేదానికే. వాన మొహం చాటేస్తే అప్పు కట్టాల్సింది ఫోన్ కాదు గదా!

అందుకే వచ్చే తొలకరికి ఏదైనా యాప్ మీకు ముహూర్తం పెడితే, ముందు ఒక్కమాట అడగండి: మా ఊరు ఎక్కడుందో నీకు తెలుసు సరే, మా చేని పదును ఎట్ల తెలిసింది?