కుట్టుకూలి పద్దు

2022 డిసెంబరులో ఒక సాయంత్రం, కుట్టు విడిపోయిన జిమ్ లెగ్గింగ్ పట్టుకుని మా వీధి చివర టైలరు దగ్గరికి వెళ్లాను. చిన్న గదిలో రెండు మిషన్లు పెట్టుకుని ఆల్టరేషన్లు చేస్తుందామె. సొంతూరు శ్రీకాకుళం వైపు. విశాఖ రాకముందు అయిదేళ్లు తిరుపూరులో బనియన్ల కంపెనీలో పనిచేసింది.

ఆమె లెగ్గింగ్‌ని తిరగేసి, రెండు కాళ్ల కుట్లూ కలిసేచోట బొటనవేలు పెట్టి లాగింది. సందుల్లోంచి దారాలు బయటపడ్డాయి.

"ఇక్కడ డైమండు ముక్కొకటి వెయ్యాలక్కా. అప్పుడు కూచున్నా లేచినా కుట్టు మీద లాగుడు ఉండదు. ముక్కేస్తే గుడ్డ పోతాది, టైమూ పోతాది. అందుకే ఉత్త ఓవర్‌లాక్ కొట్టి వదిలేసినారు."

సూదిలో దారం ఎక్కిస్తూ తనే మళ్లీ చెప్పింది. "మా లైన్లో గంటకిన్ని పీసులని టార్గెట్టు. నీళ్లు తాగితే లేవాలి, లేస్తే టార్గెట్టు తప్పుతాదని మధ్యాహ్నం దాకా నీళ్లు ముట్టేవాళ్లం కాదు. ఓటీకి కూడా మామూలు కూలే ఇచ్చేవాళ్లు."

ఓవర్‌టైముకి రెట్టింపు కూలి ఇవ్వాలన్నది మన చట్టం. అంతకన్నా నన్ను పట్టుకున్నది ఆ నీళ్ల మాట. పక్కన సీసా పెట్టుకుని, పది నిమిషాలకోసారి గుక్కెడు తాగుతూ నేను ఒళ్లు బాగుచేసుకునేది అలాంటి బట్టలోనే.

ఆ లెగ్గింగ్ సేల్‌లో 999కి మూడు వస్తే కొన్నది. అంటే ఒక్కోటి 333. అందులో గుడ్డ ఖరీదుంది, అద్దకముంది, ప్యాకింగు, రవాణా, అమ్మినవాళ్ల కమీషను, లాభం ఉన్నాయి. ఇవన్నీ తీసేశాక కుట్టుకూలికి మిగిలేదెంత? ఇరవయ్యేళ్లుగా ఇంటి ఖర్చు రాస్తున్నాను. ఒక వస్తువు ధరలో ఈ పద్దు కోసం వెతకడం అదే మొదటిసారి.

ఆ పద్దు మరీ కుంచించుకుపోతే ఏమవుతుందో 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర సావర్‌లో ప్రపంచం చూసింది. రానా ప్లాజా అనే భవనం గోడలకి ముందురోజే బీటలు కనిపించాయి. అదే భవనంలో ఉన్న బ్యాంకు తన ఉద్యోగుల్ని ఇంటికి పంపేసింది. బట్టలు కుట్టేవాళ్లని మాత్రం మర్నాడు పొద్దున పనిలోకి రప్పించారు. భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత జనం నిలదీయబట్టే, కార్మిక సంఘాలతో చట్టబద్ధమైన భద్రతా ఒప్పందం మీద 200కి పైగా బ్రాండ్లు సంతకాలు చేశాయి. తిరుపూరులోనూ అంతే. నొయ్యల్ నదిని రంగునీళ్లు ముంచెత్తితే, శుద్ధి చెయ్యని అద్దకం యూనిట్లని మూసెయ్యమని 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు ఆదేశించింది. శుద్ధి ఏర్పాట్లు చేసుకున్నాకే అవి తెరుచుకున్నాయి. అడిగినచోట పరిశ్రమ కదిలింది. అందుకే నేనూ అడగడం మొదలుపెట్టాను.

ముందు లేబుళ్లు చదవడం నేర్చుకున్నాను. ఒక్కో గుర్తు ఒక్కో సంగతే చెబుతుంది. ఓకో-టెక్స్ స్టాండర్డ్ 100 అంటే బట్టలో ఒంటికి హాని చేసే రసాయనాలు పరిమితి దాటలేదని. కుట్టినవాళ్ల కూలి గురించి అది చెప్పదు. రీసైకిల్డ్ పాలిస్టర్ అన్న మాట ముడిసరుకు సంగతి, మనుషుల సంగతి కాదు. జీఓటీఎస్ గుర్తుంటే కనీసం 70 శాతం సేంద్రియ పీచు ఉండాలి, పని పరిస్థితుల నిబంధనలూ పాటించాలి. ఆ ధ్రువీకరణ నిజమో కాదో వాళ్ల వెబ్‌సైటులో చూసుకోవచ్చు. ఎస్‌ఏ 8000 అన్నది ఫ్యాక్టరీలో కార్మికుల పరిస్థితికి సంబంధించినది. ధర ఎక్కువైనంత మాత్రాన కూలి ఎక్కువ ఇచ్చినట్టు కాదు, ఇది కూడా గట్టిగా గుర్తుపెట్టుకోవాలి.

తర్వాత కొన్ని కంపెనీలకి రెండే ప్రశ్నలు రాశాను: ఇది ఏ ఊళ్లో, ఏ యూనిట్లో కుట్టారు? అక్కడ పనివేళల్నీ కూలినీ బయటివాళ్లెవరైనా తనిఖీ చేస్తారా? పర్యావరణం మీద ప్రేమ గురించి పేజీడు రాసి, ఊరి పేరు చెప్పనివాళ్లని వదిలేశాను. యూనిట్ పేరు, ధ్రువీకరణ నంబరు పంపినవాళ్ల దగ్గర కొన్నాను.

ఇక డబ్బు సంగతి. 2022లో ఆరు లెగ్గింగులు, ఎనిమిది టీషర్టులు, నాలుగు స్పోర్ట్స్ బ్రాలు కలిపి 6,598 రూపాయలు పెట్టాను. నెలకి 550. కొత్త ఏడాది నుంచి ఆ 550 వేరే కవర్లో పెట్టి, కావలసినంత జమ అయినప్పుడే ఒక్కోటీ కొన్నాను. వాయిదాల మీద ఏదీ తీసుకోలేదు. 1,800 చొప్పున రెండు లెగ్గింగులు, 900 చొప్పున మూడు టీషర్టులు, 1,100 చొప్పున రెండు బ్రాలు, మొత్తం 8,500. పదహారు నెలలు పట్టింది. అప్పటిదాకా పాతవాటికి కుట్లు వేయించుకుని గడిపాను.

333 లెగ్గింగ్ 25 సార్లకి చిరిగింది, అంటే వేసుకున్న ప్రతిసారికీ 13 రూపాయలు. 1,800ది ఇప్పటికి 200 సార్లు వేసుకుని ఉంటాను, 9 రూపాయలు. ఉతుకు కూడా మార్చాను: చన్నీళ్లు, తిరగేసి నీడలో ఆరెయ్యడం. 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 దాటిన ఒక్కో దుస్తుకీ జీఎస్టీ 18 శాతం, ఆ లోపు అయిదే. కాబట్టి ఆ గీత దాటను.

నడకకీ యోగాకీ సాగే గుడ్డ అక్కర్లేదని కూడా తెలిసింది. ఆప్కోలో మీటరు 200 చొప్పున మూడేసి మీటర్లు చేనేత గుడ్డ తీసుకుని మా టైలరుతో రెండు పైజమాలు కుట్టించుకున్నాను. ఒక్కోదానికి 250 అడిగింది. ఎంతసేపు పడుతుందని అడిగాను. "ఒక పూట పట్టేస్తాదక్కా" అంది. 350 ఇచ్చాను. కాళ్ల మధ్య డైమండు ముక్క నేను చెప్పకుండానే వేసింది.

ఈ పైజమాలకి 1,900, మరమ్మతులకి 600 కూడా కలిపితే మూడేళ్ల ఖర్చు 11,000. పాత పద్ధతిలో 19,794 అయ్యేది. మిగిలినదానికి సంతోషమే. కానీ నేను ఎక్కువసార్లు తిరగేసి చూసుకునేది పుస్తకంలో వేరే పద్దు: 'కుట్టుకూలి, 700.' నా ఒంటి మీది బట్టలన్నిటిలో కుట్టిన చేతికి ఎంత ముట్టిందో రూపాయితో సహా చెప్పగలిగినవి ఆ రెండే. మిగతావాటికీ చెప్పగలగాలి. అందుకే ఆ రెండు ప్రశ్నలూ రాస్తూనే ఉన్నాను.