పెన్నేరు పుట్టిన కొండల కింద, సైకిలు మీద

కొండల్లో సైకిలు తొక్కడం అనగానే మనవాళ్లకు రెండు అభిప్రాయాలు స్థిరపడిపోయాయి. అది హిమాలయాల దాకా వెళ్లగలిగినవాళ్ల సరదా అన్నది మొదటిది. లక్ష రూపాయల సైకిలు లేనిదే అటు తొంగిచూడనక్కర్లేదన్నది రెండోది. బెంగుళూరు చుట్టుపక్కల ఉండే తెలుగు కుటుంబాలకు ఈ రెండూ వర్తించవు. ఊరికి ఉత్తరాన సుమారు 60 కిలోమీటర్ల దూరంలో నంది కొండలున్నాయి. ఆ కొండల పైకి వెళ్లే తారు రోడ్డు అందరికీ తెలుసు. తెల్లవారకముందే కార్లు బారులు తీరేది అక్కడే. కొండల కింద, పొలాల మధ్య, గొర్రెలు నడిచే బాటల సంగతి మాత్రం తెలిసినవాళ్లు తక్కువ. ఈ వ్యాసం ఆ బాటల గురించి.

ఈ కొండలు మనకు పరాయివి కావు. నంది కొండ ఎత్తు 1,478 మీటర్లు. ఆ వరుసలోని చెన్నకేశవ కొండలో పుట్టిన ఉత్తర పినాకినే మన పెన్నేరు. అక్కణ్నుంచి అనంతపురం సీమ, కడప, నెల్లూరు మీదుగా దాదాపు 597 కిలోమీటర్లు నడిచి సముద్రంలో కలుస్తుంది. దాని చెల్లెలు దక్షిణ పినాకిని తమిళదేశం వైపు వెళుతుంది. పుట్టపర్తి పక్కన పారే చిత్రావతి, కమలాపురం దగ్గర పెన్నేటిలో కలిసే పాపఘ్ని కూడా ఈ చిక్కబళ్లాపురం ప్రాంతంలో పుట్టినవే. కొండ కింది పల్లెల్లో ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం మాట్లాడే రైతులు చాలామంది ఉన్నారు. దారి అడిగితే తెలుగులోనే జవాబు వస్తుంది.

ఈ ఆట పుట్టిన వైనం

కొండ సైకిలు పుట్టింది అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలోని టమాల్పాయిస్ కొండ దగ్గర. 1970ల్లో అక్కడి కుర్రాళ్లు పాత ఇనుప సైకిళ్లను, లావు టైర్లవి, కొండపైకి మోసుకెళ్లి మట్టిదారిలో కిందికి దించేవారు. 1976 అక్టోబరులో మొదటి పందెం పెట్టుకున్నారు. ఆ దారికి ‘రీప్యాక్’ అని పేరు. ఒక్కసారి దిగేసరికి వెనక చక్రం బ్రేకులోని గ్రీజు వేడికి కాలిపోయి, మళ్లీ కూరవలసి వచ్చేదట. మరుసటి ఏడు, 1977లో, జో బ్రీజ్ అనే ఆయన ఈ పనికోసమే ప్రత్యేకంగా సైకిలు తయారుచేశాడు. 1996 అట్లాంటా నాటికి అది ఒలింపిక్ క్రీడ అయింది. పాత సైకిళ్లతో మొదలైన ఆట అన్న సంగతి, దుకాణానికి వెళ్లేముందు మనం గుర్తుపెట్టుకోదగ్గది.

సైకిలు ఎంచుకోవడం

దుకాణంలో మొదట ధర కాదు, కొలత చూడాలి. కొండ సైకిలు చొక్కాలాగే చిన్న, మధ్య, పెద్ద సైజుల్లో వస్తుంది. రెండు కాళ్లూ నేల మీద ఆనించి సైకిలు మధ్య నిలబడితే, పై గొట్టానికీ మనకూ మధ్య కనీసం రెండంగుళాల ఖాళీ ఉండాలి. ‘పిల్లవాడు ఎదుగుతాడు కదా’ అని రెండేళ్ల ముందుచూపుతో పెద్దది కొనడం మన ఇళ్లలో అలవాటు. చెప్పులకు అది చెల్లుతుందేమో గాని, మట్టిదారిలో కాలు అందని సైకిలు ప్రమాదం.

రెండో సంగతి షాకులు. ముందు ఫోర్కుకు మాత్రమే షాకులున్నది మనకు చాలు. ముందూ వెనకా షాకులున్న సైకిలు చూడటానికి మోటారుసైకిల్లా ఉండి పిల్లల కళ్లను లాగుతుంది. కాని చౌకరకం వెనక షాకు బరువు ఎక్కువ. ఎత్తు ఎక్కేటప్పుడు ఊయలలా ఊగి, తొక్కిన బలంలో కొంత అదే మింగేస్తుంది. అదే డబ్బు మంచి బ్రేకుల మీద, తేలికైన అల్యూమినియం చట్రం మీద పెడితే పదేళ్లు ఉంటుంది.

మూడోది బ్రేకులు. డిస్కు బ్రేకులు వానలోనూ దుమ్ములోనూ పట్టు తప్పవు. తీగతో లాగేవి చౌక, ఊళ్లో మెకానిక్కు కూడా సరిచేయగలడు. నూనెతో పనిచేసేవి మెత్తగా పట్టుకుంటాయి, ధర ఎక్కువ. చక్రాలు 26, 27.5, 29 అంగుళాల్లో దొరుకుతాయి. పెద్ద చక్రం రాళ్లమీద సులువుగా దొర్లుతుంది, చిన్నది మలుపుల్లో చురుగ్గా తిరుగుతుంది. పొట్టివారికి 27.5 హాయిగా ఉంటుంది. ఇంట్లో పాత సైకిలు బాగున్నట్లయితే కొత్తది కొనకుండానే, బ్రేకు కట్టెలూ టైర్లూ మార్చుకుని మొదటి ఆరు నెలలు తొక్కి చూడవచ్చు.

టైర్లలో గాలి గురించి ఒక మాట. పంక్చరు షాపువాడు రాయిలా గట్టిగా కొట్టి పంపుతాడు. తారు రోడ్డుకు అది మంచిదే. మట్టిలో అలాంటి టైరు బంతిలా ఎగురుతుంది, పట్టు ఇవ్వదు. 65 కిలోల మనిషికి, రెండంగుళాల పైచిలుకు వెడల్పున్న ట్యూబు టైరుకు, 30–35 పౌండ్ల గాలితో మొదలుపెట్టి చూసుకోవచ్చు. మరీ తగ్గిస్తే రాయి తగిలినప్పుడు ట్యూబు నలిగి రెండు చిల్లులు పడతాయి.

హెల్మెట్ విషయంలో మాత్రం పొదుపు వద్దు. కనుబొమలకు రెండు వేళ్ల పైన కూర్చోవాలి, గడ్డం కింద పట్టీ బిగించాక తల ఊపితే కదలకూడదు. ఒకసారి గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్‌ను, పగులు కనబడకపోయినా, మళ్లీ వాడకూడదు. సంచిలో ఒక ట్యూబు, టైరు విప్పే రెండు పుల్లలు, చిన్న పంపు, అతుకు సామాను, కట్టుగుడ్డ, మనిషికి రెండు లీటర్ల నీళ్లు ఉండాలి. తినడానికి పొడి రాసిన ఇడ్లీలు, వేరుశనగ చిక్కీ, అరటిపళ్లు. ఇంతకంటే గొప్ప ఆహారం దుకాణాల్లో లేదు.

దారి ఎక్కడ?

కుటుంబంతో వెళ్లేవారు కొండ మీది ఘాట్ రోడ్డుతో మొదలుపెట్టనక్కర్లేదు. దిగేటప్పుడు వేగం, ఎదురుగా కార్లు, పిల్లలకు అది మంచిది కాదు. సైకిళ్లను కారు వెనక కట్టుకుని నంది గ్రామం చేరండి. అక్కడి భోగనందీశ్వర ఆలయంలో తొలి కట్టడం 9వ శతాబ్దం నాటిది. ఉదయం ఆరున్నరకల్లా ఆలయం దగ్గర బయలుదేరి, కొండను చూపులో పెట్టుకుని బండిదారుల్లో ముద్దేనహళ్లి వైపు సాగవచ్చు. ముద్దేనహళ్లి మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి స్వగ్రామం. ఇంటిపేరే చెబుతోంది, వారి పూర్వులు ఆంధ్రలోని మోక్షగుండం నుంచి వచ్చినవారని. 1908 మూసీ వరద తర్వాత హైదరాబాదు రక్షణకు ప్రణాళిక వేసిన ఇంజనీరు బాల్యం గడిపిన నేల ఇదని చెబితే, పిల్లలు సైకిలు దిగి ఆ ఇల్లు చూడటానికి అభ్యంతరపెట్టరు.

దారి పొడుగునా ఎర్రమట్టి, గుండ్రాళ్లు, నీలగిరి తోటలు, పందిళ్ల మీద ద్రాక్ష. ‘బెంగుళూరు బ్లూ’ అనే ఈ నల్లద్రాక్షకు 2013లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చెరువు కట్టలు సైకిలుకు రాచబాటలు. చెరువు దిగువన ఇసుక ఉంటే బలంగా, నిటారుగా తొక్కి దాటాలి. మధ్యలో ఆగితే చక్రం దిగబడుతుంది. ఈ సీమలో పెద్ద శత్రువు సర్కారు తుమ్మ. దాని ముల్లు టైరులో విరిగి ఉండిపోతుంది. కొత్త ట్యూబు వేసేముందు టైరు లోపల వేలితో తడిమి ముల్లు తీసెయ్యకపోతే, పది నిమిషాల్లో మళ్లీ కూర్చోవలసిందే.

అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. వాన కురిసిన రెండు రోజులు వెళ్లవద్దు. ఎర్రమట్టి చక్రాలకు ముద్దలా పట్టుకుంటుంది, మన చక్రాల గాడి దారికి గాయంలా మిగిలిపోతుంది. స్కందగిరి కొండ ఎక్కడానికి ముందుగా అనుమతి తీసుకోవాలి. అడవి హద్దు కనబడిన చోట అటవీశాఖ వారిని అడగకుండా లోపలికి దిగవద్దు. సెల్‌ఫోనులో మ్యాపు దారి చూపిస్తుంది గాని, ఆ దారి ఎవరిదో చెప్పదు.

తొక్కే తీరు

ఎత్తు వచ్చాక గేరు మార్చడం కాదు, రాకముందే తేలిక గేరులోకి దింపుకోవాలి. బలమంతా పెట్టి తొక్కుతూ మారిస్తే చైను తెగుతుంది. దిగేటప్పుడు సీటు దించుకుని, పెడళ్లు రెండూ సమానంగా ఉంచి, వాటి మీద నిలబడి, ఒంటిని కొంచెం వెనక్కు తీసుకోవాలి. రెండు బ్రేకులూ ఒక్కొక్క వేలితో మెల్లగా నొక్కాలి. ఒక్క వెనక బ్రేకే బిగిస్తే చక్రం జారి మట్టిని గీరేస్తుంది. ముందు బ్రేకు ఒక్కసారిగా నొక్కితే మనిషి ముందుకు పడతాడు. అన్నిటికంటే ముఖ్యం చూపు. రాయిని చూస్తే సైకిలు రాయి మీదికే పోతుంది. పోవలసిన ఖాళీని చూడాలి. ఇదంతా ముందు కాలనీ మైదానంలో రెండు ఆదివారాలు సాధన చేయించి, ఆ తర్వాతే పిల్లలను కొండ దగ్గరకు తీసుకువెళ్లండి. ఊరకుక్కలు వెంటబడితే పరుగు పెట్టవద్దు. దిగి, సైకిలును అడ్డంగా పెట్టుకుని నడిస్తే అవే ఊరుకుంటాయి.

బాట ఎవరిది?

ఆ బాటల్లో ఒకరోజు గొర్రెల మందతో ఒక పెద్దాయన ఎదురయ్యాడు. పిల్లలతో సహా అందరం దిగి పక్కకు నిలబడ్డాం.

“ఏమప్పా, బిడ్డలను ఎంటబెట్టుకోని యాడికి పోతుండారు?” అన్నాడు.

“ఈ కొండ చుట్టూ పోయొద్దామని, తాతా.”

“ఆ పక్క వద్దు. ఆడ మందు పెడతారు. ఈ దావన పోండి, చెరువు కట్ట మీదికి పడతాది.”

మందు పెట్టడమంటే రాయి పేల్చడం. చిక్కబళ్లాపురం జిల్లాలో రాతి క్వారీలు చాలా ఉన్నాయి. 2021 ఫిబ్రవరిలో హిరేనాగవల్లి దగ్గర జిలెటిన్ పేలి ఆరుగురు చనిపోయారు. ఏ గుట్ట వెనక పేలుడు ఉంటుందో బయటివాళ్లకు తెలియదు. అక్కడ తిరిగే కాపరికి తెలుసు. ఆయన ఆ మాట చెప్పకపోయినా అడిగేవారెవరూ లేరు. మందకు దారి ఇచ్చిన తర్వాతే మాకు ఆ మాట దక్కింది.

ఈ సరదాలో అసలు విషయం ఇదే. మనం తొక్కే బాటను మనం వేయలేదు. గొర్రెలూ, ఎడ్లబండ్లూ, పాలు పోయడానికి నడిచే ఆడవాళ్లూ తరాలుగా తొక్కి చేసిన బాట అది. గంట మోగించి మందను చెదరగొట్టినా, నాటిన రాగి చేనులోంచి అడ్డదారి తీసినా, చిప్స్ సంచి పారేసినా, రెండు వారాల్లో ఆ దారికి ముళ్లకంప అడ్డం పడుతుంది. వేసినవాణ్ని తప్పుపట్టలేం.

బాట వెనక కొండ కూడా ఉంది. 2021 ఆగస్టులో పెద్ద వానలకు నంది కొండ మట్టి జారి రోడ్డు తెగిపోయి, కొన్ని నెలలపాటు సందర్శకులను పైకి పంపలేదు. కొండ కదలదు అనుకుంటాం గాని, ఒకపక్క వాన, ఒకపక్క క్వారీ, మరోపక్క పెరిగే నగరం దాన్ని కొరుకుతూనే ఉన్నాయి. బెంగుళూరు దక్షిణాన తురహళ్లి అడవిని వృక్షోద్యానంగా మార్చబోతే 2021 ఆరంభంలో నగరవాసులు బయటికి వచ్చి వద్దన్నారు. అక్కడ నడిచి, తొక్కి, పిట్టలను చూసి ఆ చోటు ఎరిగినవాళ్లు ఉన్నారు కనుక వద్దనగలిగారు. ఎరగని కొండ కోసం ఎవరూ నిలబడరు.

మిగతా ఊళ్ల వారికి

పూణే మనవాళ్లకు వేతాళ్ టేకడి, సింహగఢ్ వైపు పల్లెదారులున్నాయి. హోసూరు, కృష్ణగిరి వారికి నంది కింద ఉన్నలాంటి గుండ్రాళ్ల గుట్టలే ఇంటి వెనక ఉన్నాయి. బరంపురం వారు తప్తపాణి వైపు కొండల అంచులు చూసుకోవచ్చు. యానాం వారికి కొండ లేదని చింత అక్కర్లేదు. గోదావరి ఏటిగట్టు ఉంది, ఎదురుగాలికి తొక్కితే అదే ఎత్తు. ఎక్కడైనా నియమం ఒకటే. ముందు నడిచి చూడండి, అక్కడివాళ్లను వాళ్ల భాషలో అడగండి, ఆ తర్వాత సైకిలు తీసుకెళ్లండి.

పెన్నేరు పుట్టిన చోటును చూడకుండానే దాని నీళ్లు తాగి పెరిగినవాళ్లం మనలో చాలామంది ఉన్నాం. మన పిల్లలకు ఆ ఊళ్లు ఇప్పుడు సెలవుల్లో చూసే ఊళ్లు. కొండ కింద ఎండిన వాగులో సైకిలు ఆపి, ‘ఈ వాగే మీ అమ్మమ్మగారి ఊరి పక్కన ఏరవుతుంది’ అని చూపిస్తే, వాళ్లకు నదీ తెలుస్తుంది, వంశమూ తెలుస్తుంది. అందుకు కావలసింది కొలత కుదిరిన సైకిలు, పట్టుకునే బ్రేకులు, మంద వస్తే దిగి నిలబడే ఓపిక.